పెట్టె అడుగున దాచిన కార్డు

ముందే చెబుతున్నాను, నాకు రాయడం సరిగ్గా రాదు. ఐదో తరగతి పూర్తి చేసి, ఆరులో చేరిన నెలకే బడి మానేశాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఎక్కడ వద్దో ఇప్పటికీ అనుమానమే. ఇన్నేళ్లలో నేను రాసింది అట్టపెట్టెల మీద పేర్లు, ఊళ్లు మాత్రమే. లావు మార్కరుతో, దూరం నుంచి కనపడేలా రాసేవాణ్ణి. ఇట్లా పేజీలు నింపడం ఇదే మొదలు. భయంగా ఉంది. తప్పులు చూసి చదవడం ఆపేయకండి, విషయం వరకు రండి.

మాది కోరుట్ల పక్కన ఒక ఊరు. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. నేను కూడా పదకొండేళ్లు అక్కడ కట్టడాల పని చేసి వచ్చాను. ఇప్పుడు కొంచెం పసుపు, కొంచెం మక్కజొన్న వేసుకుంటున్నాను. కానీ ఊళ్లో నా గురించి అడిగితే పసుపు సంగతి ఎవరూ చెప్పరు. పెట్టెలు కట్టేవాడు అంటారు. ఎవరు దుబాయ్ పోయినా, మస్కట్ పోయినా ముందురోజు నన్ను పిలుస్తారు. సామాను సర్దుతాను, వేలాడే కాంటాతో తూకం చూస్తాను, నైలాన్ తాడు నాలుగు దిక్కులా బిగిస్తాను. ముడి వేశాక అగ్గిపుల్లతో కాల్చి కరిగిస్తాను. ఆ ముడి ఇక విప్పడానికి రాదు, కోయాల్సిందే.

ఇంకొక పని కూడా చేస్తాను. పెట్టె అడుగుకు సరిపోయేలా రెండో అట్ట కోసి, రెండు అట్టల మధ్య పాస్‌పోర్టు జిరాక్సు, ఇంటి నంబరు రాసిన చీటీ పెట్టి మైదా గంజితో అంటిస్తాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పం. పోయే మనిషికి కూడా బస్సు ఎక్కేటప్పుడే చెవిలో చెబుతాం. ముందే చెబితే నోట్లో ఆగదు, నలుగురికీ తెలుస్తుంది. గల్ఫ్‌లో మా లేబర్ క్యాంపులో ఒక పెద్దమనిషి నాకు నేర్పిన పద్ధతి ఇది.

దానికి కారణం ఉంది. నేను మొదటిసారి అక్కడ దిగిన రోజే కంపెనీ మనిషి మా పాస్‌పోర్టులన్నీ తీసుకుని ఒక నల్ల సంచిలో వేసుకున్నాడు. నాలుగో ఏట మా అవ్వ, నన్ను కన్నతల్లి, చనిపోయింది. పెట్టె అడుగు చింపి, ఇంటి నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న జిరాక్సు తీసుకుని ఆఫీసుకు పోయాను. అక్కడి మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అసలుది సార్ దగ్గర ఉంది, సార్ ఊళ్లో లేడు అన్నాడు. నేను ఆ జిరాక్సు పట్టుకుని సాయంత్రం దాకా గేటు దగ్గర కూర్చున్నాను. మా అవ్వకు తలకొరివి మా చిన్నాయన కొడుకు పెట్టాడు. ఆ రోజు నుంచి నాకు జిరాక్సు మీద నమ్మకం పోయింది. అయినా అందరి పెట్టెల్లో జిరాక్సులే పెట్టేవాణ్ణి, ఎందుకంటే అసలుది వాళ్లకు ఎయిర్‌పోర్టులో కావాలి.

మాకు ఒక్కతే బిడ్డ. మూడేళ్ల కింద నేవీలో చేరింది. వైజాగ్‌లో ఉండేది. మొన్న సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు ఒక దీవికి బదిలీ అయిందని చెప్పింది. ఫోన్‌లో మ్యాపు తీసి చూపించింది. అండమాన్ దాటి ఇంకా కిందికి జరిపింది. అంతా నీళ్లే.

"ఏడున్నది బిడ్డా?"

"ఇగో, గిది."

"సముద్రంల చీమ పడ్డట్టున్నది గదనే."

"గా చీమ మీదనే రెండేండ్లు ఉండాలె బాపు," అని నవ్వింది.

మా ఇంటామె నవ్వలేదు. "ఓడ ఎన్ని రోజులు పోతది?" అని అడిగింది.

"మొదలు అండమాన్‌కు మూడు రోజులు. ఆడ దిగి ఇంకో ఓడ ఎక్కాలె. వాన గిట్ల పడితె ఇంకా ఆలస్యమైతది."

"మరి ఫోను?"

"దొరికినప్పుడు చేస్త. దొరకకుంటె ఏడ్వకుండ్రి, గంతే."

ఆ వారం అంతా సామాను సర్దడమే. వానలు ఎక్కువ అని రైన్‌కోటు, రబ్బరు చెప్పులు జగిత్యాలలో కొన్నాం. మా ఇంటామె చింతపండు, కారం, మా చేను పసుపు, మామిడి తొక్కు డబ్బాల్లో పోసింది. బిడ్డ వద్దంటూనే ఉంది.

"అవ్వా, ఆడ తిండి పెడ్తరు."

"పెడ్తరు గని పులుపు ఉంటదా?"

"నీ తొక్కు కారితె నా బట్టలన్ని తొక్కు వాసనే వస్తయ్."

"మీ బాపు కట్టిన పెట్టెల కెళ్లి తొక్కు కారిందని ఊర్ల ఎవలన్న అన్నరా ఇప్పటిదాక?"

ఆ మాట విని నాకు గర్వంగా అనిపించింది. దాచను.

బయలుదేరడానికి ముందురోజు తల్లీ బిడ్డా ఊళ్లో చుట్టాల ఇళ్లకు పోయారు. నేను ఇంట్లో పెట్టె ముందు కూర్చున్నాను. బిడ్డ బ్యాగులో ఒక గోధుమరంగు కవరు ఉంది. అందులో ఆమె ఐడీ కార్డు, బదిలీ ఆర్డరు కాగితం. ఆ కార్డు మీద ఆమె ఫొటో చూస్తూ ఉంటే నాకు ఆ నల్ల సంచి కళ్లముందుకు వచ్చింది. నీళ్ల మధ్య దీవిలో దిగగానే ఎవడో చేయి చాపుతాడు, ఈ పిల్ల ఇచ్చేస్తుంది, రేపు మాకు ఏదైనా అయితే రాలేకపోతుంది. ఇదే నా తలలో తిరిగింది. దేశంలోనే కదా, ఎయిర్‌పోర్టు లేదు, పాస్‌పోర్టు అవసరం లేదు, మరి అసలు కాగితాలే దాచితే ఏమవుతుంది అనుకున్నాను. పెట్టె ఆమెతోనే పోతుంది. ఎక్కడ దాచానో బస్సు ఎక్కేటప్పుడు చెవిలో చెబుతాను. అవసరమైనప్పుడు తీసుకుంటుంది, ఎవరూ గుంజుకోలేరు.

కోరుట్లకు పోయి రెండింటికీ జిరాక్సులు తీయించాను. జిరాక్సులు కవరులో పెట్టి బ్యాగులో అట్లాగే ఉంచాను. అసలువి అడుగు అట్ట కింద పెట్టి అంటించాను. పైన సామాను సర్ది, తాడు బిగించి, ముడులు కాల్చాను. మంచి పని చేశానని అనుకుంటూ అన్నం తిన్నాను.

తెల్లారి సాయంత్రం నాలుగింటికి జగిత్యాల నుంచి వరంగల్ బస్సు. అక్కడి నుంచి వైజాగ్ రైలు. పొద్దున పెట్టెకు చుట్టడానికి ప్లాస్టిక్ కవరు కొందామని మళ్లీ కోరుట్లకు పోయాను. తిరిగి వచ్చేసరికి పెట్టె ఉన్న చోట నేల ఖాళీగా ఉంది.

మా బామ్మర్ది సిరిసిల్లలో సాంచల మీద బట్ట నేస్తాడు. ఆ పొద్దున కోరుట్లలో ఒక దుకాణానికి బట్టల మూటలు దించడానికి ట్రాలీ ఆటోలో వచ్చాడట. మేనకోడల్ని చూసి పోదామని ఇంటికి వచ్చి పెట్టె చూశాడు. ఇంత పెట్టె వేసుకుని పిల్ల రైలు ఎట్లా ఎక్కుతుంది, మా సేటు బట్టల లారీ ఈ మధ్యాహ్నమే వైజాగ్ పోతుంది, అందులో వేస్తాను, అక్కడ దిగాక తీసుకుంటుంది అన్నాడు. మా ఇంటామె సంతోషంగా ఎత్తించింది.

"నా తమ్ముడు రాకపోతె మీరు గా పెట్టెను రైలు ఎట్ల ఎక్కిస్తుంటిరో," అంది. నేను నిలబడి ఉన్నాను. "ఏంది గట్ల నిలవడ్డవ్? ఎండ కొట్టిందా?"

"ఏం లేదు. సిరిసిల్లకు పోయొస్త."

"బిడ్డ పోయే దినం సిరిసిల్లల ఏం పనయ్యా నీకు?"

"ప్లాస్టిక్ కవర్ చుట్టలేదు. తడుస్తది."

"తడిస్తె తడుస్తది తియ్యి."

బిడ్డ లోపల బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. ఆమె ముఖం చూడకుండా బయటికి వచ్చాను. చెప్పి ఉంటే ఆ నిమిషమే ఏదో ఒక దారి దొరికేదేమో.

కోరుట్ల నుంచి జగిత్యాల దాకా బస్సులో నిలబడే పోయాను. బామ్మర్దికి ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్క లేదు. మోగుతోంది, ఎత్తడం లేదు. జగిత్యాలలో సిరిసిల్ల బస్సు ఎక్కుతుంటే బిడ్డ ఫోన్ వచ్చింది.

"బాపు, నా కవర్ల కార్డు లేదు. జిరాక్స్ పెట్టి ఉన్నది. ఎవలు తీసిన్రు?"

నేను మెట్టు మీదే ఆగాను, వెనకవాళ్లు నన్ను తోసుకుని ఎక్కారు.

"బాపు, ఇనవడుతుందా?"

"నేనే బిడ్డా."

"ఏడ పెట్టినవ్?"

"పెట్టెల. అడుగు అట్ట కింద."

ఫోన్‌లో ఆమె వెనక నుంచి మా ఇంటామె "ఏమాయెనే, ఏమంటుండు మీ బాపు" అని అడగడం వినిపించింది.

"ఆర్డర్ గూడ అండ్లనె ఉన్నదా?" అంది బిడ్డ.

"అండ్లనె ఉన్నది."

"గా కార్డు లేకుంటె నన్ను గేటు లోపటికి రానియ్యరు బాపు. ఓడ సంగతి తర్వాత. కార్డు పోగొట్టుకుంటె మా దగ్గర శిక్ష ఉంటది. అది జిరాక్స్ తీసుడు గూడ తప్పే." ఆమె గొంతు లేవలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. "నాలుగింటిదాక జగిత్యాల బస్టాండ్ల ఉంట. తే."

బస్సు మెల్లగా పోయింది. వేములవాడలో దేవుడి దర్శనానికి వచ్చినవాళ్లు దిగారు, ఎక్కారు, సంచులు ఎక్కించారు. డ్రైవరు చాయ్‌కి దిగాడు. నేను సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న ముసలామె నా వాలకం చూసి, "దవాఖానకు పోతున్నవా కొడుకా?" అని అడిగింది. అవునన్నాను.

సిరిసిల్లలో దిగి సాంచల గల్లీలోకి ఉరికాను. ఆ చప్పుడులో మనిషి మాట మనిషికి వినపడదు. బామ్మర్ది సాంచల మధ్య నిలబడి ఉన్నాడు. అతని అంగీ గోడ మేకుకు వేలాడుతోంది, ఫోన్ అంగీ జేబులో ఉంది. నన్ను చూసి సాంచలు ఆపి వచ్చాడు.

"ఏంది బావా, బిడ్డను పంపియ్యలేదా?"

"పెట్టె ఏది?"

"లారీల ఎక్కిచ్చిన. తడవకుంట మంచిగ ముందట మూలకు పెట్టిచ్చిన."

లారీ గోదాము ముందు ఉంది. మూటలు పైదాకా నింపి, తాటిపత్రి కప్పి, తాళ్లు బిగించేశారు. హమాలీలు అన్నానికి పోయారు. డ్రైవరు చాయ్ తాగుతున్నాడు. నేను చెప్పింది విని తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు దించుడు కాదు కాకా. ఎల్లుండి పొద్దుగాల ఆడ తీసుకోండ్రి."

"ఎల్లుండికి నా బిడ్డ పని ఖతమైతది."

"తొక్కు డబ్బల కోసం లారీ దించుతరా ఎవలన్న?"

"తొక్కు కాదు తమ్మి. నా బిడ్డ కార్డు. నేవీ కార్డు."

"నేవీ కార్డు పెట్టె అడుగుకు ఎట్ల పోయింది?"

బామ్మర్ది నా వైపు చూశాడు. "నేనే పెట్టిన," అన్నాను. డ్రైవరు గదుమ పట్టుకుని బతిమాలాను. నాకంటే చిన్నవాడు. అతను నా చేయి తీసేసి, గ్లాసు కింద పెట్టి లేచాడు.

"నా బిడ్డ హాల్ టికెట్ గిట్లనే వాళ్ల అవ్వ దేవుని పటం వెనుక పెట్టి మర్చిపోయింది. పరీక్ష దినం ఇల్లంత తిరగేసినం," అన్నాడు. "పట్టుండ్రి, తాళ్లు ఇప్పండ్రి."

ముగ్గురం కలిసి మూటలు దించాం. ఒక్కో మూట దించుతుంటే నాకు బస్సు కదిలిపోతున్నట్టే ఉంది. పెట్టె బయటికి వచ్చేసరికి రెండు దాటింది. నా ముడులు నేను విప్పలేకపోయాను. గోళ్లు విరిగాయి, తాడు జరగలేదు. బామ్మర్ది నూలు కత్తిరించే చిన్న కత్తెర తెచ్చాడు. దానితో పోగు పోగు కోయాల్సి వచ్చింది.

"గిది పెట్టెనా బావా, బందూకుల గోదామా?" అన్నాడు. నవ్వించాలని అన్నాడు. నేను కోస్తూనే ఉన్నాను.

డబ్బాలు, రైన్‌కోటు, చెప్పులు అన్నీ తాటిపత్రి మీద పెట్టాను. అడుగు అట్ట గంజికి గట్టిపడి ఊడిరాలేదు. గుంజాను. కార్డు బాగానే వచ్చింది. ఆర్డరు కాగితం ఒక మూల అట్టకు అంటుకుని చిరిగింది. ఆఫీసు మొహరు ముద్ర సగం కాగితం మీద, సగం అట్ట మీద ఉంది. ఆ అట్ట ముక్క కూడా కోసుకుని జేబులో పెట్టుకున్నాను.

"మీరు పోండ్రి, పెట్టె నేను కట్టుకుంట," అన్నాడు డ్రైవరు.

బామ్మర్ది బండి మీద జగిత్యాలకు బయలుదేరాం. దారి పొడుగునా ఒక చేయి జేబు మీదనే పెట్టుకున్నాను. బస్టాండుకు వచ్చేసరికి నాలుగు దాటి పది నిమిషాలు. వరంగల్ బస్సు ఉండే చోట బస్సు లేదు. మా బిడ్డ బ్యాగు మీద కూర్చుని ఉంది. పక్కన మా ఇంటామె. కండక్టరు ఐదు నిమిషాలు ఆగి చూసి పోయాడట.

బిడ్డ లేచి చేయి చాపింది. కార్డు ఇచ్చాను. దాని మీద అంటిన గంజిని రుమాలుతో తుడిచింది. ఆర్డరు కాగితం చూసింది, అట్ట ముక్క చూసింది. బ్యాగులో నుంచి జిరాక్సులు తీసి చిన్న చిన్న ముక్కలు చేసి, ఆ ముక్కలు కూడా తన జేబులోనే వేసుకుంది.

"ఆడ ఎవడన్న గుంజుకుంటడని భయపడ్డ బిడ్డా," అన్నాను.

"గిది దుబాయ్ కాదు బాపు. మా సార్లు ఎవలు నా కార్డు గుంజుకోలె." కార్డు లోపలి జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకుంది. "నువ్వు గుంజుకున్నవ్."

బస్టాండులో అంత మంది ఉన్నారు. ఆ మాట నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. నల్ల సంచి పట్టుకున్న మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. ఆ సాయంత్రం నుంచి గుర్తు తెచ్చుకుంటే అక్కడ నా ముఖం కూడా కనపడుతోంది.

తర్వాతి బస్సు అరగంటకు వచ్చింది. ఎక్కేటప్పుడు ప్రతి మనిషికీ చెవిలో చెప్పేవాణ్ణి కదా, నా బిడ్డకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆమె తల్లిని పట్టుకుంది, మామకు చేయి ఊపింది. నాకు "పోయొస్త" అంది.

అనుకున్న రైలు అందలేదు. తెల్లారి రైలు పట్టుకుని ఆలస్యంగా చేరింది. ఆలస్యానికి, చిరిగిన కాగితానికి పై అధికారి ముందు నిలబెడతారని, ఆ ఓడకే పంపుతారో లేక విచారణకు ఆపుతారో తెలియదని తల్లికి ఫోన్‌లో చెప్పింది. నాకు ఇవ్వమని అనలేదు. ఆ తర్వాత ఆమె ఫోన్ పలకలేదు.

వారం దాటింది. ఓడలో ఉందా, గదిలో కూర్చోబెట్టారా, ఉద్యోగం ఉందా పోయిందా, ఏమీ తెలియదు. ఎవరిని అడగాలో తెలియదు. పెట్టె ఉన్న చోట మైదా గంజి మరక ఉండిపోయింది. మా ఇంటామె ఊడ్చేటప్పుడు అక్కడ ఆగేది.

"నీ అవ్వ సావుకు నిన్ను రానియ్యలేదని, నా బిడ్డను పోనియ్యకుంట జేస్తివి," అని ఒకరోజు అంది. కొంతసేపటికి అన్నం పళ్లెం తెచ్చి పెట్టింది. "తిను. తినకుంటె ఓడ తొందరగ పోతదా?"

ఆ రోజుల్లోనే మా వాడకట్టులో ఒకామె తన భర్త పెట్టె కట్టడానికి నన్ను పిలిచింది. నాకు చేయి రావడం లేదన్నాను. ఆమె అర్థం కానట్టు చూసి పోయింది.

పదో రోజు పొద్దున చేనులో ఉంటే కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గాలి చప్పుడు, మధ్యలో మాట తెగిపోతోంది.

"బాపు, చేరిన."

నేను గట్టు మీద కూర్చున్నాను. "ఏమన్నరు బిడ్డా?"

"తిట్టిన్రు. రాసుకున్నరు. ఓడ అయితె ఎక్కనిచ్చిన్రు." ఆ రాసుకున్నది ఏమిటో, ఎన్నాళ్లు ఆమె పేరు మీద ఉంటుందో నేను అడగలేదు. మాట తెగి మళ్లీ వచ్చింది. "పెట్టె గూడ అచ్చింది. అవ్వకు చెప్పకు, తొక్కు మొత్తం కారింది. బట్టలన్ని పచ్చగైనయ్, పసుపు గూడ పలిగింది. ఎవలు కట్టిన్రు బాపు దాన్ని?"

"లారీ డ్రైవర్ కట్టిండు."

"అనుకున్న. నువ్వు కడితె గిట్ల కాకపోతుండె."

ఇంకేదో అంది, వినపడలేదు. ఫోన్ కట్ అయింది. మళ్లీ చేస్తే కలవలేదు. నేను ఆ ఒక్క మాట పట్టుకుని చాలాసేపు గట్టు మీదే ఉన్నాను.

మరుసటి రోజు వాడకట్టు ఆమె ఇంటికి నేనే పోయాను. పెట్టె కట్టాను. అడుగున రెండో అట్ట వేయలేదు. కాగితాలు అన్నీ ఆయన చేతికిచ్చి, లోపలి జేబు కుట్టించుకొమ్మని అందరి ముందు గట్టిగానే చెప్పాను.

ఇది రాసింది నాలాగా పెట్టెలు కట్టేవాళ్లు, పిల్లల్ని దూరం పంపేవాళ్లు చదువుతారని. నా బిడ్డకు ఇంకా చూపించలేదు. ఇందులో అక్షరాలు తప్పు పోయి ఉంటాయి, చెప్పాల్సింది ఎక్కడో వదిలేసి ఉంటాను. పెద్ద మనసు చేసుకుని నన్ను మన్నించండి.